మీలాద్‌కి వెళ్ళి గ్రహణం చూసి వచ్చాం

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. సంచిలో మామిడి తాండ్ర ఇంకా కొంచెం ఉంది, అది అయిపోయేలోగా ఇదంతా రాసేయాలని కూర్చున్నాను.

ఈ ప్రయాణం అసలు మా వాడి ఉపన్యాసం కోసం. విజయనగరంలో మా ఖాలా (అమ్మ తోబుట్టువు) వాళ్ళ వీధి మసీదులో మీలాద్ రాత్రి, అంటే ప్రవక్త పుట్టినరోజు రాత్రి, పిల్లలకి పోటీ పెడతారు, ఈసారి అంశం 'నా జీవితానికి ఆదర్శం మన ప్రవక్త'. వాడికి పదమూడేళ్ళు. వాడి గది తలుపు మీద ఉన్న ఆదర్శాలు ఇద్దరు, ఒకాయన బ్యాటు పట్టుకుని, ఇంకొకాయన గడ్డం కింద చెయ్యి రాసుకుంటూ. సరే, అలాగైనా నాలుగు మంచి ముక్కలు నోటికొస్తాయని కాకినాడ నుంచి బయల్దేరదీశాను. మా ఆయనకి సెలవు దొరకలేదు, ఆ మాట మీద నాకు కొంచెం అనుమానం ఉంది గానీ వదిలేద్దాం.

2025 సెప్టెంబర్ 4, గురువారం, విజయనగరం

కంటోన్మెంటు వైపు ఖాలా వాళ్ళ సందులోకి ఆటో తిరిగేసరికి వాన. సందు ఈ చివర పచ్చ లైట్లు, ఆ చివర వినాయకుడి పందిరి. చవితి వెళ్ళి తొమ్మిదో రోజు కదా, ఇంకా నిమజ్జనం కాలేదు. రెండు చోట్లా సీరియల్ బల్బులు వేసింది ఒకే కుర్రాడట, పందిట్లో మిగిలిన తీగ మసీదుకి, మసీదులో మిగిలిన హోల్డర్లు పందిరికి. లెక్క మాత్రం రెండు కమిటీల దగ్గరా పూర్తిగానే తీసుకున్నాడని ఖాలూ (ఖాలా భర్త) నవ్వుతూ చెప్పాడు.

రాత్రి మాకు గోంగూర మాంసం, అన్నం. ఖాలాకి ఎప్పుడూ ఒక అలవాటు, షోర్బా వండితే ఒక చెంబు నీళ్ళు ఎక్కువే పోస్తుంది. పోసి పక్కింటికో ఎదురింటికో గిన్నె పంపుతుంది. అబూ జర్ అనే సహచరుడికి ప్రవక్త చెప్పిన మాట అది, షోర్బా వండితే నీళ్ళు కాస్త ఎక్కువ పొయ్యి, పొరుగువాళ్ళని చూసుకో అని. మా అమ్మ కూడా అదే చేసేది, మాకేమో చిన్నప్పుడు కూర పల్చగా ఉందని గొడవ. ఈసారి పక్కింటి పిన్ని వాళ్ళు నిమజ్జనం దాకా నీచు ముట్టరు. అందుకని ఖాలా మాంసం తగలని గిన్నె వేరే తీసి, తోమిందే మళ్ళీ తోమి, సేమియా పాయసం కాచి పంపింది. పిన్ని గుమ్మంలోంచే, "ఏటమ్మా ఎప్పుడొచ్చినావు, గుంటడు ఇంత పొడుగైపోనాడేటి" అని మా వాడి గడ్డం పట్టుకుంది. వాడికి గుంటడు అనిపించుకోవడం నచ్చలేదు.

భోజనాలయ్యాక వాడిచేత ఉపన్యాసం చదివించాం. ఫోన్‌లోంచి ఎత్తి రాసుకున్నాడని మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. విశ్వమానవాళికి మార్గదర్శి, కారుణ్య మూర్తి, మహోన్నత వ్యక్తిత్వం... రెండు పేజీలు అలాగే. ఖాలూ జ్యూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు, ఎక్కువ మాట్లాడడు. ఆ టైములో చెప్పు పట్టీ తెగితే దబ్బనం పెట్టి కుట్టుకుంటున్నాడు. చదవడం అయ్యాక, "బాగుంది బేటా, పేరు మారిస్తే ఏ ఎమ్మెల్యే పుట్టినరోజుకైనా చదవొచ్చు" అన్నాడు.

వాడి మొహం మాడిపోయింది. అప్పుడు ఖాలూ చేతిలో చెప్పు చూపించి, "ఇంట్లో ఉన్నప్పుడు ప్రవక్త ఏం చేసేవాడు అని ఎవరో ఆయన భార్య ఆయెషా బీబీని అడిగారు. ఇంటి పనిలో ఉండేవాడు అంది. చెప్పు తెగితే తనే కుట్టుకునేవాడు, బట్ట చిరిగితే తనే అతుకు వేసుకునేవాడు. నువ్వు తిన్న కంచం నువ్వు కడుగుతావా?" అన్నాడు. వాడు నా వైపు చూశాడు. నేను గోడ గడియారం వైపు చూశాను.

సెప్టెంబర్ 5, శుక్రవారం, మీలాద్

నేను లెక్కల టీచర్ని, ఆ రోజు టీచర్స్ డే కూడా, అందుకని పొద్దున్నే మా వాడికి ఒక లెక్క. ఈసారి ఊరంతా బ్యానర్ల మీద 1500 అని ఎందుకు రాశారు? ప్రవక్త పుట్టింది దాదాపు 570 అంటారు, 2025లోంచి తీసేస్తే 1455 ఏళ్ళే కదా అని వాడు. ఇంగ్లీషు లెక్కలో అంతే. మక్కా నుంచి మదీనా వెళ్ళినప్పుడు ఆయనకి చాంద్రమానంలో 53 ఏళ్ళు, ఆ వలస నుంచి లెక్కపెట్టే హిజ్రీ సంవత్సరం ఈ 2025 మీలాద్‌కి 1447, రెండూ కలిపితే 1500. చాంద్రమాన సంవత్సరం పది పదకొండు రోజులు తక్కువ కాబట్టి తేడా అక్కడొచ్చింది. వాడు ఈ ఒక్కటీ శ్రద్ధగా విన్నాడు.

ఊరేగింపు మేం డాబా మీంచి చూశాం. ఆడవాళ్ళం కదా. గుర్రం మీద చిన్నపిల్లాడు, పచ్చ జెండాలు, ఒక వ్యానులో ప్రవక్త మీద నాత్‌లు పాడే ముసలాయన, ఆయన గొంతు నిజంగా బాగుంది. ఆయన వెనకాలే డీజే. ఆ దెబ్బకి డాబా మీద నీళ్ళ ట్యాంకు మూత టకటకా కొట్టుకుంది. ఎదురింట్లో గుండె ఆపరేషన్ అయిన తాతగారు ఉన్నారు, వాళ్ళ కోడలు కిటికీలు మూసి సందుల్లో గుడ్డలు కుక్కుతోంది. ఇదే డీజే ముందు రోజు రాత్రి వినాయకుడి ముందు కూడా మోగిందని ఆ అమ్మాయే చెప్పింది, బాక్సులు అవే, పాటలు వేరు.

ఖాలా మాత్రం ఊరుకోలేదు. ప్రయాణంలో సహచరులు గొంతు చించుకుని అల్లాహు అక్బర్ అంటుంటే ప్రవక్తే ఆపాడు, మీరు పిలిచేది చెవిటివాణ్ణీ కాదు, ఎక్కడో దూరాన ఉన్నవాణ్ణీ కాదు, కాస్త నెమ్మది అన్నాడు. ఈ మాట డాబా మీంచి కిందకి అరిచి చెప్పింది ఖాలా. అరిచి! డీజే హోరులో ఎవరికీ వినపడలేదు.

కమిటీ కుర్రాళ్ళు మంచివాళ్ళే, అది కూడా చెప్పాలి. వానలో తడుస్తూ దారిన పోయే ప్రతివాళ్ళకీ రూహ్ అఫ్జా షర్బత్ ఇచ్చారు, బందోబస్తు కానిస్టేబుళ్ళకి రెండేసి గ్లాసులు. ఆసుపత్రిలో రోగులకి పళ్ళు కూడా పంచారట. ఆ ఫోటో సాయంత్రానికి ఖాలా ఫోన్‌కి వచ్చింది. ఒక అరటిపండు, దాని మీద అయిదు చేతులు.

జుమా నమాజ్ అయ్యాక బాబామెట్ట వెళ్దామన్నాను. ఖాదర్ వలీ బాబా దర్గా. ఖాలూకి దర్గాలంటే పడదు, ధర్మప్రచార జమాత్‌లో తిరిగిన మనిషి. మీలాద్ ఊరేగింపు కూడా ప్రవక్త చేయమన్నది కాదంటాడు. ఖాలాకి దర్గా అంటే ప్రాణం. నలభై రెండేళ్ళుగా ఇద్దరికీ ఇదే వాదన, ఇద్దరూ ప్రవక్త పేరే చెప్తారు, చివరికి ఖాలూ తోడు వస్తాడు గానీ లోపలికి రాడు. ఆటో అతను కొత్తవాడు, మమ్మల్ని మెట్టకి అటు పక్కన ఎక్కడో దించేశాడు. బురదలో ఎవరివో పెరళ్ళ వెనక నుంచి నడిచాం. ఒకామె చోళ్ళు (రాగులు) చెరుగుతూ, "ఇటు కాదు బావూ, మా గేదెల సావిట్లోంచి ఎల్లిపోండి, దగ్గర" అంది. గేదెల మధ్యలోంచి దర్గాకి వెళ్ళడం అదే మొదటిసారి.

లోపల చాదర్లు పట్టుకుని నిలబడ్డవాళ్ళలో బొట్టు పెట్టుకున్నవాళ్ళే ఎక్కువ కనిపించారు నాకు. ఆ పూట అన్నం పెడుతున్నారు, అన్నం, పప్పు, వంకాయ కూర, పక్కన ఎవరు కూర్చున్నారో ఎవరూ చూడలేదు. నా పక్కనావిడ కొత్తవలస నుంచి వచ్చిందట, కూతురికి కానుపు సరిగ్గా జరిగిందని మొక్కు. బయటికొస్తే ఖాలూ చెట్టు కింద మా అందరి చెప్పులూ వరసగా పెట్టి, తడవకుండా వాటి మీద గొడుగు పట్టుకుని నిలబడున్నాడు.

రాత్రి పోటీ. మా వాడు స్టేజీ ఎక్కి సలాం చెప్పి, కాగితం మడిచి జేబులో పెట్టేశాడు. నా గుండె ఆగింది. చెప్పు కుట్టుకోవడం సంగతి చెప్పాడు, 1500 లెక్క చెప్పాడు, మా ఇంట్లో కంచాలు అమ్మ కడుగుతుంది అని కూడా చెప్పాడు. రెండు నిమిషాల్లో దిగిపోయాడు. కారుణ్య మూర్తి, విశ్వమానవాళి అని గొంతు వణికించి చెప్పిన అబ్బాయికి మొదటి బహుమతి. మా వాడికి అందరికీ ఇచ్చే ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా.

సెప్టెంబర్ 6, శనివారం, ఘంటస్తంభం, పొందూరు

పొద్దున్న ఘంటస్తంభం దగ్గర బజారు. విజయనగరం వస్తే భీమాళి తాండ్ర కొనకుండా వెళ్ళలేను, కాగితం మందాన పొర మీద పొర, మధ్యలో దొరికే పీచు కూడా ఇష్టమే. తర్వాత ఖాలా అంబలికి చోళ్ళు కావాలంటే బజార్లో ఒక పాత దుకాణానికి వెళ్ళాం. బస్తా మూతి తెరిచి ఉంది, పైన గింజ నిగనిగలాడుతోంది. ఖాలా రెండు కిలోలంది. ఆ కోమటాయన చెయ్యి మోచేతి దాకా బస్తాలో దూర్చి అడుగు గింజ పైకి తీశాడు. "అమ్మా, పైన బాగున్నాయి గానీ వానకి అడుగున చెమ్మ తగిలినాది. ఇయి వద్దు, మంగళారం కొత్త సరుకొస్తది" అన్నాడు.

ఖాలా అక్కడే నిలబడిపోయింది. మదీనా బజార్లో ప్రవక్త ఒక ధాన్యం రాశిలో చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. ఇదేంటయ్యా అంటే వాన పడిందండీ అన్నాడు వ్యాపారి. మరి తడిసింది పైన పెట్టొచ్చు కదా జనం చూసేలాగ, మోసం చేసేవాడు నా వాడు కాడు అన్నాడు ప్రవక్త. ఖాలా ఆ కథంతా కోమటాయనకి చెప్పింది. ఆయన విని, "మా నాన్న కూడా అదే అనీవోడు" అన్నాడు, అని తూకం రాళ్ళు సర్దుకోవడంలో పడ్డాడు.

ముందు రోజు ఊరేగింపు దగ్గర మా వాడు నూట ఇరవై పెట్టి అసలు సిసలు మల్లె అత్తరు కొన్నాడు. అమ్మినాయన గడ్డం, టోపీ, మాటకి ముందు బిస్మిల్లా. తెల్లారేసరికి చూస్తే సీసాలో నీళ్ళ వాసన. బజార్లోంచి వస్తూ వాడే అన్నాడు, "అమ్మీ, ఇద్దర్లో సున్నత్ ఎవరిది?" సున్నత్ అంటే ప్రవక్త నడిచిన దారి. నేను జవాబు చెప్పలేదు, వాడు నన్ను అడిగినట్టు కూడా లేదు.

మధ్యాహ్నం ప్యాసింజరులో పొందూరు దిగాం. ఖాదీ కోసమని చెప్పాను గానీ ఆ ఊరి మీద నాకు వేరే ఆసక్తి ఉంది. ఖురాన్‌ని తెలుగులోకి తెచ్చిన తొలివాళ్ళలో చిలుకూరి నారాయణరావు గారిది ఈ వైపే. దత్తమండలం అనే పేరుని రాయలసీమగా మార్చింది, 1928లో, ఆయనే. మా నానమ్మకి అరబీ చదవడం వచ్చు, అర్థం రాదు. అర్థం కోసం తెలుగు పుస్తకం వెతుక్కునే మాలాంటి వాళ్ళ ఇళ్ళకి ముందుగా దారి వేసినవాళ్ళలో ఒక బ్రాహ్మణ పండితుడు ఉన్నాడంటే మా వాడు నమ్మలేదు.

పొందూరులో ఒక ఇంటి అరుగు మీద ఇద్దరు అవ్వలు పత్తి దువ్వుతున్నారు, చేతిలో వాలుగ చేప దవడ. దాని పళ్ళు సన్నటి దువ్వెనలా ఉంటాయి, కొండపత్తిలో నలకలు దాంతో తీస్తారు. ఆ తర్వాత ఏకడం, వడకడం, ఇంత పని ఉంది. మా వాడు ఒకసారి పట్టుకుంటానంటే ఇచ్చారు, అరనిమిషంలో దూదంతా ఉండ చుట్టేశాడు. అవ్వ దాన్ని తీసుకుని ఒక్క మాటా అనకుండా విడదీసుకుంది. ఎంత గిట్టుతుందమ్మా రోజుకి అని అడిగాను, చెప్పింది. ఆ అంకె విన్నాక చొక్కా గుడ్డ ధర దగ్గర బేరమాడలేకపోయాను. ఖాలూకి మూడు మీటర్లు తీసుకున్నాను.

శ్రీకాకుళం వెళ్ళడానికి 'శ్రీకాకుళం రోడ్' అని బోర్డు చూసి దిగితే అది ఆమదాలవలస. నాకు ముందే తెలుసు, అయినా ప్రతిసారీ ఊరొచ్చేసిందనే అనిపిస్తుంది. ఇంకా పదమూడు కిలోమీటర్లు. షేర్ ఆటోలో తొమ్మిది మంది, ఒళ్ళో ఎవరిదో కోడిపుంజు.

సెప్టెంబర్ 7, ఆదివారం, శ్రీకాకుళం

ఇక్కడ మా ఆపా, పెద్దమ్మ కూతురు. పొద్దున్నే ఆపా వాళ్ళాయన దుల్హాభాయ్ మా వాణ్ణి జుమ్మా మసీదు చూపించడానికి తీసుకెళ్ళాడు, నేను రోడ్డు మీంచి చూశాను. 1640ల్లో గోల్కొండ ఫౌజుదారు (సైనిక అధికారి) షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించాడంటారు. గుడి రాళ్ళతో కట్టారనే మాటా ఉంది. మా వాడు తిరిగొచ్చి అది నిజమేనా అని అడిగితే ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నజ్రాన్ నుంచి క్రైస్తవులు వస్తే ప్రవక్త తన మసీదులోనే వాళ్ళ ప్రార్థన వాళ్ళని చేసుకోనిచ్చాడని సీరా (ప్రవక్త జీవితచరిత్ర) పుస్తకాల్లో ఉంది, అది చెప్పాను. మనకి ఆదర్శం అన్నది ఆయన్ని, ఫౌజుదార్లని కాదు. దుల్హాభాయ్‌కి నా మాట అంత రుచించలేదు, పీతల పులుసు వచ్చాక అందరం సర్దుకున్నాం.

మధ్యాహ్నం అరసవిల్లి వైపు వెళ్దామంటే ఆటో అతను, "గ్రహణం కదమ్మా, తలుపులేసెస్తారు, ఎల్లి ఏటి సేస్తారు" అన్నాడు. మార్చిలోను అక్టోబరులోను ఎండ సరిగ్గా సూర్యనారాయణ స్వామి పాదాల మీద పడే గుడి అది, లెక్కల టీచరుగా ఎప్పట్నుంచో చూడాలని ఉంది. సరే మరోసారి. నాగావళి వంతెన మీద మొక్కజొన్న పొత్తులు తిని వచ్చేశాం.

రాత్రి 9.57కి గ్రహణం పట్టింది. మసీదు మైకులో గ్రహణం నమాజ్‌కి పిలుపొచ్చింది. దుల్హాభాయ్, మా వాడు వెళ్ళారు. నేనూ వస్తానన్నాను.

"ఆడవాళ్ళకి చోటు లేదు కదా" అన్నాడు దుల్హాభాయ్, కొంచెం ఇబ్బందిగానే.

"మదీనాలో ఉందిగా" అంది ఆపా.

అది నిజం. ప్రవక్త రోజుల్లో అస్మా బీబీ తన చెల్లెలు ఆయెషా దగ్గరికి వచ్చేసరికి ఆమె గ్రహణం నమాజులో నిలబడి ఉంది, అస్మా కూడా వెనక నిలబడింది. ఆ నమాజు చాలాసేపు సాగిందని, నిలబడలేక తనకి కళ్ళు తిరిగాయని అస్మాయే చెప్పుకుంది. ప్రవక్త మాకు ఆదర్శం అని మైకులో చెప్పే ఊళ్ళల్లో ఈ ఒక్క విషయం దగ్గర మాత్రం గోడ కట్టేస్తారు. ఇది శ్రీకాకుళం సంగతే కాదు, మా కాకినాడలోనూ అంతే. ఏం చేస్తాం, డాబా మీద చాప పరుచుకుని నేనూ ఆపా చదువుకున్నాం.

పదకొండు దాటాక మబ్బు చీలింది. చంద్రుడు ఇటుకరాయి రంగులో. పక్కింటి డాబా మీద వాళ్ళత్తగారు నిలబడి ఉంది, కోడలికి ఆరో నెల, గదిలో కదలకుండా పడుకోబెట్టారు. "మీకు గ్రహణం పట్టింపు నేదేటమ్మా?" అని అడిగింది. ఆపా పిట్టగోడ దగ్గరికి వెళ్ళి చెప్పింది. ప్రవక్త కొడుకు ఇబ్రహీం పోయిన రోజే సూర్యగ్రహణం పట్టింది. జనమంతా ఆ పిల్లవాడి కోసమే సూర్యుడు మసకబారాడన్నారు. ఆయన ఒప్పుకోలేదు. సూర్యుడూ చంద్రుడూ దేవుడి గుర్తులు, ఎవరి చావుకీ ఎవరి పుట్టుకకీ వాటికి గ్రహణం పట్టదు అన్నాడు. మా నాయకుల్లో ఒక్కరికి ఆ అవకాశం వస్తే ఊరంతా ఫ్లెక్సీలు లేచేవి అని నేను నవ్వాను.

పక్కింటావిడ నవ్వలేదు. ఆవిడకి గ్రహణం సంగతి అసలు ఎక్కలేదు.

"పిల్లడు పోనాడా? ఎన్నేళ్ళు?"

"రెండేళ్ళు కూడా నిండలేదు."

"ఓలమ్మ. ఏడిసినాడా?"

"ఏడ్చాడు. ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. కళ్ళు నీళ్ళు పెడతాయి, మనసు బాధపడుతుంది, దేవుడికి నచ్చని మాట మాత్రం అనం అన్నాడు" అంది ఆపా.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చంద్రుడి వైపు చూస్తూ ఉండిపోయింది. చాలాసేపు. మా వాడు మసీదు నుంచి వచ్చి కాళ్ళు పీకుతున్నాయని చాప మీద పడ్డాడు, వాడికీ కళ్ళు తిరిగాయట, అస్మా బీబీ గురించి చెప్తే సంతోషించాడు.

ఒంటి గంటన్నరకి గ్రహణం విడిచింది. చుట్టుపక్కల ఇళ్ళల్లో తలస్నానాలు, బకెట్ల చప్పుడు, చెంబులతో నీళ్ళు గుమ్మరించుకుంటున్న చప్పుడు. ఆపా లేచి టీ పెట్టింది. పాలు అరలీటరే ఉన్నాయి, మేం అయిదుగురం, పక్కింటివాళ్ళు నలుగురు, గిన్నెలో నీళ్ళు పోస్తూనే ఉంది. మా వాడు ట్రే పట్టుకెళ్ళి పిట్టగోడ మీంచి అందించాడు. తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని కోడలు పిల్ల బయటికొచ్చింది, రాత్రంతా ఏమీ తినలేదు పాపం, ఒక గుక్క తాగి మొహం పెట్టింది.

"అక్కా, ఇది టీయా, నాగావళి నీళ్ళా?"

ఇంకో గ్లాసు కూడా తీసుకుంది.